ముందు రామప్ప, ఆ తర్వాతే ఖిలా

ఫెస్ట్‌కి వేరే కాలేజీల నుంచి వచ్చేవాళ్లు, దసరా సెలవుల్లో దిగే కజిన్లు, ఇన్నాళ్లూ క్యాంపస్ గేటు దాటని హాస్టల్ ఫ్రెండ్స్... నేను లోకల్ కదా అని అందరూ అడిగేది ఒక్కటే: "ఒక్క రోజులో వరంగల్ మొత్తం కవర్ చెయ్యాలి, ప్లాన్ చెప్పు." అడిగేసరికే వాళ్ల ఫోన్లో ఒక లిస్టు రెడీగా ఉంటుంది. భద్రకాళి గుడి, వేయిస్తంభాల గుడి, ఖిలా, రామప్ప, టైం మిగిలితే లక్నవరం. మ్యాప్‌లో ఐదు చుక్కలు, వాటిని కలుపుతూ ఒక నీలం గీత.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ లిస్టులో చోట్లన్నీ మంచివే, చుక్కల్ని కలిపిన పద్ధతే బాలేదు. తక్కువ టైం ఉన్నవాళ్లు దూరాన్ని బట్టి ప్లాన్ వేసుకుంటే నష్టపోతారు. ఏది చూశాక ఏది చూస్తే అర్థమవుతుందో, దాన్ని బట్టి వేసుకోవాలి. ఈ మాట వరంగల్‌కి ఎంత వర్తిస్తుందో ఇటలీకి కూడా అంతే వర్తిస్తుంది. మధ్యలో ఇటలీ ఎందుకంటారా? మా ఇంట్లో రెండు నెలలుగా నడుస్తున్న గొడవ అదే. దాని సంగతి కాసేపట్లో చెప్తాను.

సేల్స్‌మన్ ప్లాన్

సీఎస్ఈ వాళ్లకి తెలిసిందే, మిగతా బ్రాంచుల కోసం రెండు ముక్కలు. మా సబ్జెక్టులో ట్రావెలింగ్ సేల్స్‌మన్ ప్రాబ్లం అని ఒకటుంది. ఒక సేల్స్‌మన్ కొన్ని ఊళ్లకి వెళ్లాలి. ప్రతి ఊరికీ ఒక్కసారే వెళ్లి చివరికి ఇంటికి చేరాలి. మొత్తం తిరిగిన దూరం వీలైనంత తక్కువ ఉండాలి. ఊళ్లు పెరిగేకొద్దీ ఈ లెక్క కంప్యూటర్లకే చెమటలు పట్టిస్తుంది. కానీ ఇందులో ఒక సౌకర్యం ఉంది. జనగామలో ముందు అమ్మినా, కాజీపేటలో ముందు అమ్మినా సేల్స్‌మన్ సంచిలో ఉన్నది అదే సబ్బు. అందుకే వాడికి దూరం ఒక్కటే ముఖ్యం.

ఇంకొకటి టోపలాజికల్ సార్ట్. పేరు చూసి భయపడకండి, వంటింట్లో రోజూ జరిగేదే. నూనె కాగాలి, ఆవాలు చిటపటలాడాలి, అప్పుడే ఉల్లిగడ్డ వెయ్యాలి. ఉల్లిగడ్డ చేతికి దగ్గరగా ఉంది కదా అని ముందు దాన్ని వేసేస్తే కూర పాడవుతుంది. కొన్ని పనులు వేరే పనుల మీద ఆధారపడి ఉంటాయి కాబట్టి, ఆ ఆధారాల్ని గౌరవిస్తూ వరుస పెట్టడమే ఈ పద్ధతి. డేటా స్ట్రక్చర్స్ చదవకుండా నేరుగా అల్గారిథమ్స్ క్లాసులో కూర్చున్నవాళ్ల మొహాలు గుర్తు తెచ్చుకోండి. క్లాసులో ఉంటారు, బుర్రలోకి మాత్రం ఏమీ వెళ్లదు.

మన టూరిస్టు లిస్టులన్నీ సేల్స్‌మన్ ప్రాబ్లంకి జవాబులు. కానీ మనం ఊరు చూడ్డానికి వెళ్లేది సబ్బులు అమ్మడానికి కాదు. మొదటి చోట చూసింది రెండో చోటికి మన వెంట వస్తుంది. కాబట్టి వరుస మారితే చూసేదే మారిపోతుంది.

"ఏముంది, పగిలిన రాళ్లే కదా"

మా ఇల్లు కాశిబుగ్గలో. ఖిలా మాకు ఆటోలో పోయి వచ్చేంత దగ్గర. అక్కడికి ఎవరిని తీసుకెళ్లినా పావుగంటలో ఒక మాట వినిపిస్తుంది: "ఏముంది, అన్నీ పగిలిన రాళ్లే కదా." తోరణం దగ్గర ఫోటోలు దిగుతారు. రాష్ట్ర చిహ్నం మీద ఉండే తోరణం ఇదే అని చెప్తే ఒక నిమిషం ఆశ్చర్యపోతారు. ఆ తర్వాత నీడ కోసం వెతుక్కుంటారు.

ఆ మాట విన్నప్పుడు ఒక ఓరుగల్లు మనిషిగా నాకు చివుక్కుమంటుంది. కానీ వాళ్లను తప్పుపట్టలేను. ఖిలా నడిమధ్యలో మీకు కనిపించేది నిజానికి ఒక ఖాళీ. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు, వాటి మధ్య ఒకప్పుడు స్వయంభూ శివుడి గుడి. 1323లో ఢిల్లీ సేన కోటను పట్టుకుని ప్రతాపరుద్రుణ్ని బందీగా తీసుకెళ్లింది. ఆ రోజులతో కాకతీయుల కథ ముగిసింది, ఆ గుడీ నేలకూలింది. ఇప్పుడున్నవి దాని ముక్కలు. విరిగిన స్తంభం, సగం తామర చెక్కిన పలక, ఎక్కడిదో తెలియని ఒక హంస. పజిల్ డబ్బా మూత పోయి, లోపలి ముక్కలు మాత్రం మన ముందు పోసినట్టు ఉంటుంది. మూత మీది బొమ్మ చూడనివాళ్లకి అవి రాళ్లే.

ఆ మూత మీది బొమ్మ పాలంపేటలో ఉంది.

నిలబడ్డది, విప్పి కట్టింది, కూలింది

రామప్ప గుడిని గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. శాసనం ప్రకారం 1213. 2021 జులై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పుడు మన వాట్సాప్ స్టేటస్‌లన్నీ దానితోనే నిండిపోయాయి, గుర్తుందా? నక్షత్రం ఆకారంలో, దాదాపు మనిషెత్తు ఉండే వేదిక మీద గుడి నిలబడి ఉంటుంది. గోడలు ఎర్రటి ఇసుకరాయి. లోపలి స్తంభాలు, బయట చూరు కింద ఏటవాలుగా నిలిచిన మదనికలు నల్లటి గట్టి రాయి. పైన శిఖరం నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలతో కట్టింది. కింద పునాదిలో ఇసుక.

ఇవన్నీ గైడ్ చెప్పే మాటలే. నేను చెప్పేది వేరు. రామప్ప చుట్టూ ఒక్కసారి మెల్లగా తిరిగితే కాకతీయుల గుడిలో ఏ ముక్క ఎక్కడ ఉంటుందో కంటికి అలవాటైపోతుంది. తామర పలక నెత్తిమీద ఉండాలి. ఏటవాలు బొమ్మ స్తంభానికీ చూరుకీ మధ్య ఉండాలి. ఏనుగుల వరుస కింద ఉండాలి. పుస్తకం అక్కర్లేదు, గైడ్ కూడా అక్కర్లేదు, చూస్తే చాలు.

ఆ తర్వాత హనుమకొండలో వేయిస్తంభాల గుడి. ఇది రామప్ప కన్నా యాభై ఏళ్లు పాతది. 1163లో రుద్రదేవుడు కట్టించాడు. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ మూడు గర్భగుళ్లు, ఎదురుగా నల్లరాతి నంది. నంది అవతల ఉన్న కళ్యాణ మండపం మన ఇంజినీరింగ్ స్టూడెంట్స్ ప్రత్యేకంగా చూడాల్సింది. పునాది కుంగి మండపం దెబ్బతింటే 2006లో దాన్ని రాయి రాయిగా విప్పారు. మళ్లీ కట్టి తెరిచింది 2024 మార్చిలో. మనలో చాలామంది పుట్టిన రోజుల్లో విప్పిన మండపం మనం ఇంటర్ అయ్యేసరికి గానీ నిలబడలేదు. పాత రాళ్ల మధ్య కొత్తగా చెక్కినవి కనిపిస్తాయి. ఒక రాయి ఇంకో రాయి మీద ఎలా కూర్చుంటుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ల్యాబ్ లేదు.

ఈ రెండూ చూశాక ఖిలాకి రండి. అవే ముక్కలు ఇప్పుడు వేరేగా కనిపిస్తాయి. "ఇది సీలింగ్‌ది కదా?" "ఇది రామప్పలో చూసిన స్తంభం లాంటిదే" అని మీరే అంటారు. తోరణాల మధ్య ఖాళీలోకి చూస్తే అక్కడ ఎంత గుడి ఉండేదో కంటికి కట్టడం మొదలవుతుంది. పగిలిన రాళ్లు అన్న నోటితోనే "అయ్యో, ఇదంతా పోయిందా" అంటారు. చరిత్ర పాఠంలో 1323 అనేది ఒక మార్కు ప్రశ్న. ఇక్కడ మాత్రం నిజంగా ఏదో పోయిందని అనిపిస్తుంది. ఆ మాట అనిపించలేకపోతే ఖిలాకి తీసుకెళ్లి లాభమేంటి?

నిలబడ్డది, విప్పి కట్టింది, కూలింది. ఇదీ వరుస. మ్యాప్ మాత్రం దీన్ని ఎప్పుడూ చూపించదు. రామప్ప ఇక్కడికి అరవై ఐదు కిలోమీటర్ల పైనే. అందుకని దాన్ని చివరికి నెట్టేస్తుంది. సాయంత్రం ఐదింటికి ఒళ్లు హూనమై అక్కడికి చేరతాం. సగం మంది కారులోనే నిద్రపోతుంటారు.

ఒకటిన్నర రోజు ఉంటే

విమర్శించడం తేలిక కాబట్టి ప్లాన్ కూడా ఇస్తున్నా. ఒకటిన్నర రోజు ఉందనుకుందాం.

మొదటి రోజు పొద్దున్నే హనుమకొండ బస్టాండ్‌లో ములుగు వైపు బస్సెక్కండి. ములుగు నుంచి పాలంపేటకి ఆటో. తొమ్మిదింటికల్లా రామప్పలో ఉండాలి. దీనికి రెండు కారణాలు. పొద్దుటి ఏటవాలు ఎండలో చెక్కడాలు బాగా లేచి కనిపిస్తాయి. రెండోది మరీ ముఖ్యం, మన కాళ్లు. గుళ్లో చెప్పులు విప్పాలి. మార్చి దాటితే మిట్టమధ్యాహ్నం మన వైపు రాతినేల మీద నిలబడటం కాదు, గెంతడమే. అరికాలు మండుతుంటే శిల్పం ఎవడికి కావాలి?

మధ్యాహ్నానికి తిరిగొచ్చి తిని పడుకోండి. నవ్వకండి, పడుకోవడం కూడా ప్లాన్‌లో భాగమే. ఎండ తగ్గాక వేయిస్తంభాల గుడి. భద్రకాళి గుడికి ఏ ప్రీరిక్విజిట్ లేదు. దర్శనానికి వెళ్లేవాళ్లు ఎప్పుడైనా వెళ్లొచ్చు, సాయంత్రం చెరువు గాలికి ఇంకా బాగుంటుంది.

రెండో రోజు పొద్దున పూర్తిగా ఖిలాకే. నేరుగా తోరణాల దగ్గర ఆటో దిగకండి. ముందు మట్టికోట, తర్వాత నలభై ఐదు బురుజుల రాతికోట దాటి నడిచి లోపలికి రండి. రాతికోట ద్వారం దగ్గర దారి తిన్నగా ఉండదు, మలుపులు తిరుగుతుంది. శత్రువు ఏనుగుతో పరుగెత్తుకొచ్చి తలుపును గుద్దకుండా ఆ మలుపులు. లోపల మనుషులు కాపురాలుంటున్నారు, బర్రెలు తిరుగుతుంటాయి, పొలాలున్నాయి. వాళ్ల వాకిళ్లను సెల్ఫీ బ్యాక్‌గ్రౌండ్ చెయ్యకండి. ఏకశిల గుట్ట ఎక్కితే ఓరుగల్లు అన్న పేరు ఎక్కణ్నుంచి వచ్చిందో కాళ్లకే తెలుస్తుంది. తోరణాలు, ఆ పక్కనే ఖుష్ మహల్ చివర్లో చూడండి.

ఒక్క రోజే ఉందా? అప్పుడు రామప్ప, ఖిలా రెండే. పొద్దున అది, సాయంత్రం ఇది. పూటే ఉందా? వేయిస్తంభాల గుడి ఒక్కటి చూసి ఆ నంది దగ్గర అరగంట కూర్చోండి. లక్నవరం ఈసారికి వదిలెయ్యండి. మంచి చెరువే, వేలాడే వంతెన బాగుంటుంది, కానీ దానికోసం ఇంకో ఆదివారం వస్తుంది.

ఇప్పుడు ఇటలీ

మా అక్క జర్మనీలో ఎంఎస్ చేసి అక్కడే ఉద్యోగంలో చేరింది. వచ్చే వేసవిలో అమ్మానాన్నల్ని పిలిపిస్తోంది. నాన్న ఎనుమాముల మార్కెట్‌లో ఒక మిర్చి దుకాణంలో గుమాస్తా. ఇద్దరికీ ఇదే మొదటి విమానం. పిలిపిస్తున్న రోజుల్లో నాలుగు రోజులు ఇటలీకి అని అక్క ఒక షీట్ తయారుచేసి నాకూ షేర్ చేసింది. రోమ్ ఒకటిన్నర రోజు, ఫ్లోరెన్స్ ఒక రోజు, పీసా అరరోజు, వెనిస్ ఒక రోజు. రంగురంగుల గడులు, గంట గంటకీ ఒక పేరు.

నేను లెక్క వేశా. రోజుకి పద్నాలుగు గంటలు మెలకువగా ఉంటారనుకుంటే నాలుగు రోజులకి 56. రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కి ఫాస్ట్ రైల్లో గంటన్నర, ఫ్లోరెన్స్ నుంచి పీసాకి పోను గంట రాను గంట, ఫ్లోరెన్స్ నుంచి వెనిస్‌కి రెండు గంటలు. రెండుసార్లు హోటల్ మారడం, సూట్‌కేసులు, స్టేషన్లో ఎదురుచూపులు కలిపితే ఎంత లేదన్నా పది గంటలు ప్రయాణానికే. తిండికి, అమ్మ మోకాళ్ల రెస్టుకి రోజుకి నాలుగు గంటల చొప్పున పదహారు. మిగిలింది ముప్ఫై. నాలుగు ఊళ్లకి పంచితే ఊరికి ఏడున్నర గంటలు. రెండు వేల ఏళ్ల రోమ్‌కి కూడా ఇంచుమించు అంతే.

అక్క జవాబు ఒకటే: "వాళ్లు మళ్లా మళ్లా వస్తరా? ఒక్కసారే కదా, అన్నీ చూపెడదాం."

ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోను. చిన్న ట్రిప్పులన్నీ బరువెక్కేది ఈ ఒక్క మాట వల్లే. మళ్లీ రాలేమన్న భయం అందరికీ ఉంటుంది, మా ఇంట్లో అది భయం కాదు, నిజం. కానీ నా వాదన కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. ఒక్కసారే వెళ్తారు కాబట్టే ఆ ఒక్కసారి చూసింది అర్థం కావాలి. రెండోసారి వచ్చి సరిచేసుకునే అవకాశం లేనివాళ్లకే వరుస ఎక్కువ అవసరం.

రోమ్‌నే తీసుకోండి. పాత రోమ్ నడిబొడ్డున ఫోరం అని ఉంది. అది వాళ్ల ఖిలా అనుకోవచ్చు. ఇక్కడ మూడు స్తంభాలు, అక్కడ ఒక కమాను, మధ్యలో గడ్డి. నేరుగా అక్కడ దిగితే నాన్న కూడా "పగిలిన రాళ్లే కదా" అంటాడు. అదే ముందు పాంథియన్ చూపిస్తే? దాదాపు 125 ప్రాంతంలో, హాడ్రియన్ చక్రవర్తి కాలంలో పూర్తయిన గుడి అది. తర్వాత చర్చి అయింది కాబట్టి వాడుకలో ఉండి నిలబడింది. నలభై మూడు మీటర్ల వెడల్పు గుమ్మటం, అందులో ఒక్క ఇనుప చువ్వ లేదు. నడినెత్తిన గుండ్రటి రంధ్రం, అందులోంచి ఎండా పడుతుంది, వానా పడుతుంది. అది రోమ్‌కి రామప్ప. దాన్ని చూసిన కళ్లతో ఫోరంకి వెళ్తే స్తంభాల మీద కప్పు మనమే వేసుకుంటాం. పాంథియన్ నుంచి ఫోరంకి నడిచి వెళ్లొచ్చు, కాబట్టి ఈ వరుసకి ఖర్చు కూడా ఏమీ లేదు.

కొన్ని ఆధారాలు క్యాలెండర్‌లో ఉంటాయి. ఫ్లోరెన్స్‌లో ఉఫీజీ మ్యూజియంకి సోమవారం సెలవు. వాటికన్ మ్యూజియాలకి నెలలో ఆఖరిది తప్ప మిగతా ఆదివారాలు సెలవు. కొలోసియంకి టైం స్లాట్ ముందే బుక్ చేసుకోవాలి, అదే టికెట్‌లో ఫోరం కూడా వస్తుంది. ఇవి షీట్‌లో మొదటి వరుసలో ఉండాలి. అక్క షీట్‌లో రెస్టారెంట్ల పేర్ల కింద ఉన్నాయి.

అమ్మ వీటో

నా ప్లాన్: రోమ్ రెండు రోజులు, ఫ్లోరెన్స్ రెండు రోజులు, పీసా వెనిస్ కట్. రోమ్ గుమ్మటం చూశాక, 1436లో బ్రునెల్లెస్కి పూర్తిచేసిన ఫ్లోరెన్స్ గుమ్మటం చూస్తే కథ అతుకుతుంది. నాకు బాగా నచ్చిన వరుస.

వీడియో కాల్‌లో అమ్మ ఒక్క మాటతో కొట్టేసింది. "మీ గుమ్మటాలు నాకెందుకు బిడ్డా? నాకు నీళ్ల మీద ఊరు చూడాలెనని ఉన్నది." నాన్న తన మాట తను చెప్పాడు: "తిరుగుడు తక్కువ పెట్టుండ్రి, కూసునుడు ఎక్కువ పెట్టుండ్రి."

అమ్మ మాట నా అల్గారిథమ్‌ని పాడుచేసిందని ఒక గంట అలిగాను. తర్వాత ఆలోచిస్తే వెనిస్‌కి కావాల్సిన ప్రీరిక్విజిట్ అమ్మ దగ్గర ఎప్పటినుంచో ఉందని తట్టింది. 1271లో వెనిస్ నుంచి బయల్దేరిన మార్కో పోలో 1295లో ఇంటికి చేరాడు. తర్వాత జెనోవా జైల్లో ఉన్నప్పుడు పీసా వాడైన రుస్టికెల్లోకి చెప్పి రాయించిన పుస్తకంలో మన మోటుపల్లి రేవు గురించి, ఆ రాజ్యంలోని వజ్రాల గురించి, సన్నటి బట్టల గురించి, న్యాయంగా ఏలుతున్న ఒక రాణి గురించి చెప్పాడు. ఆమెను చనిపోయిన రాజు భార్య అన్నాడు. ఆ రాణి గణపతిదేవుడి కూతురు రుద్రమదేవే అని చరిత్రకారులు ఎక్కువమంది అంటారు. బంధుత్వం తప్పు చెప్పినా, మా రాణి పేరుప్రతిష్ఠలు వెనిస్ దాకా మోసుకెళ్లింది ఆయనే. ఆయన కుటుంబం ఇల్లున్న వాకిలి రియాల్టో వంతెనకి దగ్గర్లో ఇప్పటికీ మిలియోన్ పేరుతోనే ఉంది. ఖిలాలో రుద్రమ పేరు వింటూ పెరిగిన మనిషి ఆ వాకిట్లో నిలబడితే, పడవ ఫోటో దిగి వెళ్లిపోయే టూరిస్టు కంటే ఎక్కువే చూస్తుంది.

కాబట్టి ఫ్లోరెన్స్ కూడా కట్. రోమ్ రెండు, వెనిస్ రెండు. మధ్యలో ఒక్క రైలు, దాదాపు నాలుగు గంటలు. నాన్న కిటికీ దగ్గర కూర్చుంటాడు, ఆయన కోరిక కూడా తీరినట్టే. హోటల్ మార్పుతో కలిపి ప్రయాణానికి ఆరు గంటలు అనుకున్నా 34 గంటలు మిగులుతాయి, ఊరికి పదిహేడు. పైగా వెనిస్‌లో రాత్రి ఉంటే ఇంకో లాభం. పొద్దున వచ్చి సాయంత్రం పోయే జనం తాకిడి తట్టుకోలేక ఆ ఊరు 2024 ఏప్రిల్ 25 నుంచి కొన్ని రోజుల్లో అలాంటివాళ్ల దగ్గర ప్రవేశ రుసుము తీసుకోవడం మొదలుపెట్టింది. రాత్రి బస చేసేవాళ్లకి అది లేదు. ఒక ఊరు తనే "పరుగెత్తుకొచ్చి పరుగెత్తుకు పోకండి" అని టికెట్ పెట్టి మరీ చెప్తోందంటే మనం వినాలి.

పీసా వదిలేసినందుకు మాత్రం నాకే కొంచెం బాధ. ఆ వాలిన గోపురం పని మొదలైంది 1173లో, మన వేయిస్తంభాల గుడి తర్వాత పదేళ్లకి. అక్కడా నేల కుంగింది, ఇక్కడా కుంగింది. ప్రమాదమని 1990లో మూసి, సరిచేసి 2001లో తెరిచారు. మన మండపం కథ తెలిసిన సివిల్ వాళ్లెవరైనా అటు వెళ్తే చెయ్యి అడ్డం పెట్టి మోస్తున్నట్టు ఫోటో దిగి వచ్చెయ్యకుండా ఆ పునాది గురించి కాస్త చదివి వెళ్లండి.

మీరు అనబోయేవి

"ట్రిప్ అంటే ఎంజాయ్ చెయ్యడానికి, ఇది కూడా సిలబస్ చేస్తావా?" అంటారు. క్రికెట్ రూల్స్ తెలియనివాళ్లని ఉప్పల్ స్టేడియంలో కూర్చోబెట్టండి. మూడు గంటలు గోల వింటారు, బిర్యానీ తింటారు, అలసిపోయి వస్తారు. రూల్స్ తెలిసినవాళ్లే చివరి ఓవర్లో గోళ్లు కొరుక్కుంటారు. అర్థం కావడం ఎంజాయ్‌మెంట్‌కి శత్రువు కాదు. నేను చదవమనట్లేదు కూడా, ముందు నిలబడ్డదాన్ని చూడమంటున్నా, అంతే.

"రామప్పకి అంత దూరం పోను రాను ఖర్చు ఎవరిస్తారు?" అంటారు. న్యాయమైన ప్రశ్న. కానీ ఐదు చోట్లకి కారు మాట్లాడుకునే డబ్బుతో రెండు చోట్లకి బస్సులో హాయిగా వెళ్లి రావచ్చు.

"భక్తితో వెళ్లేవాళ్లకి వరుసేంటి?" అంటారు. వాళ్లకి నా వరుస అక్కర్లేదు. దేవుడి దగ్గరికి వెళ్లడానికి ప్రీరిక్విజిట్ ఉండదని పైనే ఒప్పుకున్నా.

"వరంగల్‌ని ఇటలీతో పోలుస్తావా?" అని కూడా కొందరు నవ్వుతారు. పోల్చడానికి సిగ్గెందుకు? రుద్రమదేవి ఓరుగల్లును ఏలిన 1262-1289 మధ్యలోనే ఫ్లోరెన్స్‌లో డాంటే పుట్టాడు, పెరిగాడు. రెండూ ఒకే కాలపు ఊళ్లు. తేడా ఎక్కడంటే, ఇటలీకి ఆర్నెల్ల ముందు షీట్ వేస్తాం, వరంగల్‌కి బస్సెక్కాక ఫోన్ తీస్తాం.

ఈ తేడా బయటివాళ్లలోనే కాదు, మన ఇళ్లలోనూ ఉంది. రోమ్ వెళ్లబోతున్న మా నాన్న కాశిబుగ్గలో యాభై ఏళ్లు బతికి ఇప్పటిదాకా రామప్ప చూడలేదు. సీజన్‌లో సెలవుండదు, సీజన్ అయ్యాక డబ్బుండదు. ఏ రాయి చూసినా ఆయన అడిగే మొదటి ప్రశ్న "దీన్ని ఎట్ల మోసుకొచ్చిన్రు?" బస్తాల బరువుల మధ్య బతికిన మనిషికి అది సహజం. ఆ ప్రశ్నకి సగం జవాబు పాలంపేటలో దొరుకుతుంది, మిగతా సగం పాంథియన్‌లో అడగొచ్చు. అందుకే ఆ షీట్‌లో విమానం వరుసకి పైన నేనొక కొత్త వరుస చేర్చాను: "ఆదివారం, ములుగు బస్సు, నాన్న, అమ్మ." అక్క దానికి ఇంకా టిక్ పెట్టలేదు, చూద్దాం.

మీ ఇంట్లో, మీ రూమ్‌లో ఎవరైనా చిన్న ట్రిప్ ప్లాన్ చేస్తుంటే మూడు ప్రశ్నలు అడగండి. ఈ చోటు అర్థం కావాలంటే ముందు ఏది చూసుండాలి? అది ప్లాన్‌లో ఉందా, లేక మనతో ఇంటి నుంచే వస్తోందా? రెండూ లేకపోతే ఈ చోటు ఈసారికి వదిలేద్దామా? మూడో ప్రశ్న దగ్గర గొడవ అవుతుంది. అవ్వనివ్వండి, ప్లాన్ అంటే అదే.

ఇక ఫెస్ట్‌కి రాబోయే అతిథులకి నా మాట. స్టేషన్లో దిగగానే "ఖిలాకి పోదాం పద" అంటే నేను రాను. పొద్దున ఆరింటికి హనుమకొండ బస్టాండ్‌లో ఉంటా. నీళ్ల సీసా తెచ్చుకోండి, చెప్పులు తేలిగ్గా విప్పేవి వేసుకోండి.